మందు అని రాసిన డబ్బా

అక్వేరియం పనిలోకి కొత్తగా వచ్చిన తమ్ముళ్లు ఇప్పటికీ నాకు ఫోన్ చేసి అడిగే మొదటి ప్రశ్న ఒక్కటే. "అన్నా, డిస్కస్ చేపలకి ఏం పెట్టాలి?" నేను ఆ పని మానేసి వేరే ఉద్యోగంలో చేరినా జవాబు మాత్రం నోటికి వచ్చేస్తుంది. కొవ్వూ నరాలూ తీసేసిన మేక గుండె, పొట్టు ఒలిచిన రొయ్యలు, ఉడికించి నీళ్లు పిండేసిన పాలకూర, కాస్త వెల్లుల్లి, కొంచెం నాచు పొడి, రంగు కోసం కారం లేని ఎర్ర మిరపపొడి. అన్నీ మెత్తగా రుబ్బి, పలచటి పలకల్లా ఫ్రీజర్‌లో గడ్డకట్టించి, పూటకో చిన్న ముక్క విరిచి వెయ్యాలి. తినగా మిగిలింది వెంటనే తీసెయ్యాలి, లేకపోతే నీళ్లు పాడవుతాయి.

ఇదంతా వాళ్లు శ్రద్ధగా రాసుకుంటారు. రెండో ప్రశ్న మాత్రం ఇంతవరకూ ఎవరూ అడగలేదు. ఆ మేత దాచిన డబ్బా మీద ఏమని రాయాలి?

దానికి జవాబు నాకు అరకులో దొరికింది. దొరికిన తీరు తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది. మీరు అంత దూరం వెళ్లక్కర్లేకుండా ఇక్కడ చెబుతున్నాను.

ఫిషరీస్ పాలిటెక్నిక్ డిప్లొమా పూర్తి చేసి, విశాఖపట్నంలో ఒక అక్వేరియం షాపులో చేరాను. ఇళ్లకు వెళ్లి తొట్లు శుభ్రం చేయడం, చేపల ఆరోగ్యం చూడడం నా పని. ప్రతిదానికీ లిస్టు రాసుకునే అలవాటు నాది. నీటి వేడి, ఆమ్లత, ఏ చేప ఎంత తిన్నది, ఏది తినలేదు. మా సీనియర్ నన్ను పేరుతో పిలిచేవాడు కాదు. "ఏరా కళ్లద్దాలూ, పెళ్లిచూపులకి కూడా లిస్టు పట్టుకెళ్తావా?" అనేవాడు. ఘాట్ రోడ్డు ఎక్కితే ఆయనకి కడుపులో తిప్పుతుంది కాబట్టి అరకు పని నాకు వచ్చింది.

అక్కడ ఒక కాఫీ గింజల కంపెనీ మేనేజరుగారు అద్దె ఇంట్లో ఉండేవారు. కుటుంబం విజయనగరంలో. ఒంటరితనానికి తోడుగా హాల్లో పెద్ద తొట్టి పెట్టించుకుని అందులో ఆరు డిస్కస్‌లు పెంచేవారు. డిస్కస్ అంటే పళ్లెంలా గుండ్రంగా, పలచగా ఉండే చేప. అందం ఎంతో అలక అంత. నీళ్లు ఎప్పుడూ గోరువెచ్చగా ఉండాలి. మనుషులు స్వెట్టర్ల మీద శాలువాలు కప్పుకునే అరకు చలికాలంలో ఆ ఆరింటికీ రెండు హీటర్లు పనిచేసేవి. మేత వేస్తే మిగతా చేపల్లా ఎగబడవు. వచ్చి చూస్తాయి, నోట పెట్టుకుంటాయి, ఉమ్మేస్తాయి, మళ్లీ చూస్తాయి.

"కొత్తల్లుడి ఏసాలు," అనేది వంటక్క. దగ్గర్లోని ఒక గూడెం నుంచి వచ్చి సార్‌కి వంట చేసి పెట్టేది. మధ్యాహ్నం పూట చేపలకి మేత వేసేదీ ఆవిడే. నేను మొదటిసారి ఆ వంటింట్లో మేత తయారు చేస్తుంటే గుమ్మంలో నిలబడి బుగ్గన వేలు పెట్టుకుంది.

"గుండెకాయా, రొయ్యలా, ఎల్లుల్లా... మా ఇంట్లో సుట్టాలొచ్చినా ఇంత సెయ్యనేదు, సేపల బాబూ. నూనేసి ఏపితే నానే తినీసేదాన్ని."

"వీటికి నూనె పడదక్కా."

"పడకపోతే మానీ. ఆ పచ్చ పొడేటి? మందేటి?"

"కాదు. నాచు పొడి."

ఆవిడ అప్పటికిగానీ లోపలికి అడుగు పెట్టలేదు. "మందైతే నా సేత ముట్టించకు. మా పెద్దత్తని ఆ మాట మీదే ఊల్లోంచి తోలీసినారు. ఎవులికో కూడెట్టింది, ఆడికి వాంతులయ్యాయి. మందెట్టిందన్నారు. అంతే, మరి సూడనేదు ఎవులూ."

మందు పెట్టడం అంటే మన వైపు అర్థం తెలిసిందే. తిండిలో ఏదో కలిపి మనిషిని పాడు చేశారని. నేను మళ్లీ రుబ్బుడు పనిలో పడిపోయాను.

చలి బాగా ముదిరాక సార్ నుంచి ఫోన్ వచ్చింది. రెండు చేపలు నల్లబడి మూల నిలబడుతున్నాయని, విసర్జన తెల్లటి దారంలా వస్తోందని. డిస్కస్ పేగుల్లో వచ్చే మామూలు జబ్బే అది. మందు నీళ్లలో వేయడం కంటే మేతలో కలిపి పెట్టడం మేలు. ఆ మందు మనుషులకి జిగట విరేచనాలకు ఇచ్చే మాత్రే, మెట్రోనిడజోల్. మందుల షాపతను మాత్రలు ఇస్తూ అలవాటుగా హెచ్చరించాడు.

"ఈ మందు వేసుకున్నన్నాళ్లూ మందు ముట్టుకోవద్దు. గుండె దడ, వాంతులు వస్తాయి."

"చేపలకండీ."

"అయితే పర్లేదు, అవి తాగవులెండి," అని నవ్వాడు. నేనూ నవ్వాను.

అరకు వెళ్లిన రోజు శుక్రవారం. వంటక్క సంతకి వెళ్లింది. నేను మాత్రలు పొడి చేసి మేతలో కలిపి, చేపలు వాసనకి ఆశపడతాయని వెల్లుల్లి ఎక్కువ వేసి, పాత ఐస్‌క్రీం డబ్బాలో సర్దాను. పక్కనే అలాంటిదే మరో డబ్బాలో మందు లేని మేత. మూతల మీద ఇంగ్లిష్‌లో రాయబోతుంటే సార్ ఆపారు.

"తెలుగులో రాయవయ్యా. ఆవిడ ఆశ్రమ పాఠశాలలో చదువుకుంది, తెలుగు చక్కగా చదువుతుంది. ఇది రోజూ వేసేదనుకుని మధ్యాహ్నం కూడా వేసేస్తే? ఇది పొద్దున్నా సాయంత్రం నేనే వేస్తాను."

సబబుగా అనిపించింది. ఒక మూత మీద 'మామూలు' అని, రెండో మూత మీద 'మందు' అని పెద్ద అక్షరాలతో రాశాను. పొరపాటు జరగకూడదని ఇద్దరం ఆలోచించి మరీ రాసిన మాట అది.

ఆదివారం చేపలు ఎలా ఉన్నాయో చూడడానికి మళ్లీ వెళ్లాను. పొగమంచుకి బస్సు ఆలస్యమై, నేను చేరేసరికి మధ్యాహ్నం దాటింది. ఆకలి దంచేస్తోంది. వాకిట్లో కంపెనీ కారు, దాని పక్కన డ్రైవర్, వరండాలో సార్, ఆయన బావగారు. బావగారంటే సార్ భార్యకి అన్నయ్య. గుండెకి స్టెంటు వేయించుకున్న మనిషి. అయినా చలి పేరు చెప్పి గ్లాసు పట్టుకున్నారు. వాళ్ల మధ్య బల్ల మీద వేడి వేడి వేపుడు.

"రా తమ్ముడూ, సమయానికొచ్చావు," అన్నారు సార్. "చికెన్ వేపమంటే కైమా ఉండలు చేసింది. ఎక్కడ నేర్చుకుందో గానీ అదిరిపోయాయి."

"ఇంకో ప్లేటు పట్రమ్మా!" అని లోపలికి కేక వేశారు బావగారు.

గ్లాసు వద్దన్నాను. ఉండలు మాత్రం ఆకలి మీద చాలానే తిన్నాను. రొయ్య రుచి తగిలింది. పాలకూర తగిలింది. వెల్లుల్లి కాస్త ఎక్కువైంది అనుకున్నాను. మింగాక నాలుక మీద సన్నటి చేదు మిగిలింది, మిరియాలు మాడాయేమో అనుకున్నాను. నా చేత్తో నేను కలిపినదాన్ని నేనే గుర్తుపట్టలేదు. లిస్టులు రాసేవాడి తెలివి అంతవరకే పనిచేస్తుంది.

చేతులు కడుక్కుని తొట్టి దగ్గరికి వెళ్లాను. చేపల నలుపు కాస్త తగ్గినట్టే ఉంది. తింటున్నాయో లేదో చూద్దామని వంటింట్లోకి వెళ్లి ఫ్రీజర్ తెరిచాను. 'మామూలు' డబ్బా ఉంది. దాని వెనక ఏమీ రాయని మరో డబ్బా, అందులో మసాలా పట్టించిన చికెన్. నా మందు డబ్బా లేదు.

అది గిన్నెల గూట్లో బోర్లించి ఉంది. శుభ్రంగా తోమి, మూత పక్కనే ఆరబెట్టి. మూత మీద నా అక్షరాలు చెక్కు చెదరలేదు.

"అక్కా, ఈ డబ్బాలోది..."

"అదే గదా ఏపినాను," అంది ఆవిడ నూనె మూకుడు దించుతూ. "సారుబాబు తోవలోంచి ఫోన్ సేసినాడు, ఫ్రిజ్‌లో మందులోకని ఒక డబ్బా దాసినాను, తీసి ఏపు అని. సూత్తే దాని మీద రాసే ఉంది. సేపల మేతలా మెత్తగుంటే కైమాయేమో అనుకుని ఉండలు కట్టీసినాను. బాగునేదేటి?"

మూత తీసుకుని మళ్లీ చదివాను. మందులోకి. తాగేటప్పుడు నంజుకోవడానికి. ఆయన చెప్పిన మాట అదే, నేను రాసిన మాటా అదే, ఆవిడ చదివిన మాటా అదే. ముగ్గురిలో ఎవరూ తప్పు మాట వాడలేదు. అప్పుడు గుర్తొచ్చింది మందుల షాపతని హెచ్చరిక. ఈ మందు వేసుకుంటే మందు ముట్టుకోవద్దు. స్టెంటు.

వరండాలో గ్లాసు పగిలింది.

నేను పరిగెత్తేసరికి బావగారు కుర్చీలోంచి ముందుకు వంగి వాంతి చేసుకుంటున్నారు. మొహం, మెడ, చెవులు ఎర్రగా కందిపోయి ఉన్నాయి. గుండె మీద చెయ్యి పెట్టుకుని "దడ... దడ..." అంటున్నారు. సార్ లేచి పట్టుకోబోయి, తనే స్తంభాన్ని పట్టుకుని వాంతి చేసుకున్నారు. కారు దగ్గరున్న డ్రైవర్ ఒక్క దూకులో వచ్చాడు.

"ఓర్నాయనో! బాబుగారికేటైపోనాది! ఏటి కలిపీసినావే? మందెట్టీసిందండీ! మందెట్టీసింది!"

ఆదివారం కాబట్టి రోడ్డు మీద జనం ఉన్నారు. గేటు దగ్గర ఆగిపోయారు. వంటక్క మూకుడు చేత్తోనే గుమ్మంలో నిలబడిపోయింది. ఆవిడ మొహంలో రక్తం లేదు. "నానేటీ ఎట్నేదు బాబూ... డబ్బా మీద రాసినదే..." అంటోంది, ఎవరూ వినడం లేదు.

"మందు పెట్టింది ఆవిడ కాదు," అని అరిచాను. "నేను!"

మరుక్షణం డ్రైవర్ నా కాలర్ పట్టుకున్నాడు. "నువ్వా? నీకూ బాబుగారికీ ఏటి పగరా?"

ఆ కాలర్ వదిలించుకుని, ఇద్దరినీ కారెక్కించి ఆసుపత్రికి చేర్చేదాకా నేనేం మాట్లాడానో నాకే తెలియదు. డ్యూటీలో ఒక యువ డాక్టరమ్మ ఉన్నారు. ఏం తిన్నారని అడిగారు. నాకు తెలిసిన పద్ధతిలో చెప్పాను. గుండె, రొయ్యలు, పాలకూర, వెల్లుల్లి, మాత్రల పేరు, మోతాదు, పైన ఎంత తాగారు.

"ఇది వంటకమా, మందుల చీటీయా?"

"చేపల మేతండీ."

ఆవిడ పెన్ను ఆగిపోయింది. నా వైపు చూసిన ఆ చూపు నేను మరిచిపోను. కానీ చెయ్యాల్సినవన్నీ చకచకా చేశారు. సెలైన్ పెట్టారు, గుండె పరీక్ష తీశారు, మళ్లీ తీశారు. భయం లేదు, రాత్రికి ఇక్కడే ఉంచి చూస్తాం అన్నారు. తర్వాత నన్ను అడిగారు. "మీరూ తిన్నారా? తాగారా?"

"తిన్నాను. తాగలేదండీ."

"అయితే మూడు రోజులు మందు వాసన కూడా చూడకండి."

బావగారు కళ్లు తెరిచి, విషయం విని, పైకప్పు వైపు చూశారు. "చేపల తిండా? నేను ఇంకో ప్లేటు అడిగాను కదరా," అన్నారు.

సార్ మంచం మీద నుంచే వంటక్కకి ఫోన్ చేశారు. స్విచ్ ఆఫ్. పక్కింటివాళ్లకి చేస్తే, తాళంచెవి వాళ్లకిచ్చి ఏడ్చుకుంటూ ఊరికి వెళ్లిపోయిందని, 'మందెట్టింది' అన్న మాట ఆవిడ కంటే ముందే ఊరు చేరిందని చెప్పారు. ఆవిడ పెద్దత్త సంగతి నా మనసులో మెదిలింది. సార్‌కి చెప్పాను. ఆయన డ్రైవర్ వైపు చూశారు. "నువ్వు అరిచావు. ఇతన్ని తీసుకెళ్లు. ఆవిడ పేరు పోయిందంటే మళ్లీ రాదు."

వెలుతురు ఉండగానే బయలుదేరాం. కారు వెళ్లినంత మేర వెళ్లి, అక్కడి నుంచి కాఫీ తోటల మధ్య నడిచాం. డ్రైవర్ దారి పొడుగునా గొణుగుతూనే ఉన్నాడు. "నాకేటి తెలుసు? వాంతులు సూత్తే నోటికొచ్చిన మాట అనీసినాను."

గూడెంలో ఆవిడ ఇంటి తలుపు మూసి ఉంది. ఎదురుగా చాలామంది కూర్చుని ఉన్నారు, వాళ్ల మధ్య ఒక పెద్దాయన. మమ్మల్ని చూసి ఎవరూ లేవలేదు.

"మందెట్టిందని అరిసినోడు మీవోడే గదా," అన్నాడు పెద్దాయన. "ఇప్పుడేటి, పోలీసోల్లని తెచ్చినారా?"

"లేదండీ. ఆవిడ తప్పేం లేదని చెప్పడానికొచ్చాం. అది మందే. కానీ ఆ మందు కాదు."

"మరే మందు?"

"చేపల మందు."

"సేపలకి మందెందుకెట్టినావు? అవి నీకేటి సేసినాయి?"

వెనక ఎవరో కిసుక్కుమన్నారు. "అది రోగం మందు, పెద్దాయనా. అది తిని పైన మందు తాగితే వాంతులవుతాయి."

"నువ్వూ తిన్నావంట గదా?"

"తిన్నాను."

"మరి నీకేటీ కానేదు."

"నేను తాగలేదు."

ఒక ముసలమ్మ పక్కావిడతో అంది, చిన్నగానే, కానీ నాకు వినపడింది. "అంటే ఎవులికి తగలాలో ఆలకే తగిలింది." దాంతో చుట్టూ గుసగుస లేచింది. నేను నోరు తెరిచినకొద్దీ ఆ తలుపు ఇంకా గట్టిగా మూసుకుంటున్నట్టు ఉంది.

పెద్దాయన చెయ్యెత్తి అందరినీ ఆపాడు. "బాబూ, ఒకపాలి ఇలాటి మాటే ఇని ఈ ఇంటి ముసల్దాన్ని తోలీసినాం. ఆ వాంతులైనోడికి కామెర్లని తర్వాత తెలిసినాది. అప్పటికి ముసల్ది పోనాది. అందుకే అడుగుతన్నాను. నిజం సెప్పీయండి, రేపు మల్లీ ఇంకో మాట సెప్పకండి."

ఆయన అడిగినదాంట్లో అన్యాయం ఏమీ లేదు. ఏ మాట అందామన్నా అందులో 'మందు' ఉంది. ఆయన పక్కన కుండ, దానిలో జీలుగు చెట్టు కల్లు, పైన ఆనపకాయ బుర్రతో చేసిన గరిటె కనిపించాయి. నా నోటి నుంచి ఆ మాట ఎలా వచ్చిందో నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే.

"ఆ కల్లు నాకు పొయ్యండి. నేను ఆ వేపుడు బాగా తిన్నాను. నేను చెప్పింది నిజమైతే నాకూ అదే అవుతుంది."

డ్రైవర్ నా మోచెయ్యి పట్టుకున్నాడు. "డాట్రమ్మ వద్దన్నాది గదేటి!"

తాగాను. చల్లగా, పుల్లగా ఉంది. కూర్చున్నాను. అందరూ నన్నే చూస్తున్నారు. ఏమీ కాలేదు. ఇంకా కాసేపు చూశారు. ఏమీ కాలేదు. అప్పుడు పట్టుకుంది నాకు అసలు భయం. ఏమీ కాకపోతే? నేను తిన్నదాంట్లో మందు సరిగా కలవకపోతే? అప్పుడు ఈ ఊరి కళ్ల ముందు ఆవిడ మీద నేరం రుజువు చేసినవాణ్ని నేనే అవుతాను.

"ఏటైనా అవుతాందా?" అన్నాడు డ్రైవర్ చెవిలో.

"లేదు."

"కొంచెం ప్రయత్నం సెయ్యి బాబూ."

ఇంకో బుర్ర పోయించుకున్నాను. వాంతి రావాలని మొక్కుకున్నది నా బతుకులో ఆ ఒక్కసారే.

ముందు చెవులు వేడెక్కాయి. తర్వాత మెడ, మొహం. "ఓలమ్మ, ఎర్రగైపోతన్నాడు," అన్నది ఎవరో చిన్నమ్మాయి. గుండె చొక్కాలోంచి బయటికి కనిపిస్తుందేమో అన్నంతగా కొట్టుకోవడం మొదలుపెట్టింది. కళ్లద్దాలు ఆవిరి పట్టి మసకబారాయి. కంచె దాకా వెళ్దామని లేచాను, వెళ్లలేకపోయాను. నడుం వంచి, ఉన్నచోటే, డ్రైవర్ చెప్పుల మీద మొత్తం కక్కేశాను.

ఇందాక గుసగుసలాడిన ముసలమ్మ నోరు చేత్తో మూసుకుంది. పెద్దాయన లేచి వచ్చి నా మొహంలోకి, మెడలోకి తేరిపార చూశాడు. తర్వాత జనం వైపు తిరిగాడు.

"సూసినారు గదా. మందెట్టింది ఈడే. ఎల్లండి, పనులు సూసుకోండి."

ముందు ఒకరు నవ్వారు, తర్వాత అందరూ. ఆ నవ్వుల్లో తలుపు తెరుచుకుంది. వంటక్క చెంబుతో నీళ్లు పట్టుకుని పరిగెత్తుకొచ్చింది. ఏడ్చి ఏడ్చి కళ్లు వాచిపోయి ఉన్నాయి.

"సేపల బాబూ! నీకు మతేటైనా ఉందా? సచ్చిపోతే నా మీదకొచ్చీదు కాదేటి?" అని తిట్టి, నా వీపు రాస్తూ, నేను మళ్లీ వంగితే తల పట్టుకుంది. డ్రైవర్ తన చెప్పులు చేత్తో పట్టుకుని పక్కన నిలబడ్డాడు. "తప్పైపోనాది, అక్కా," అన్నాడు. ఆవిడ అతని వైపు చూడలేదు. కాసేపయ్యాక మాత్రం మిగిలిన నీళ్లు అతని కాళ్ల మీద పోసింది.

ఆ రాత్రి నేనూ ఆసుపత్రిలోనే పడుకోవాల్సి వచ్చింది. డాక్టరమ్మ నన్ను చూసి, సూది కాస్త గట్టిగానే గుచ్చారు. పక్క మంచం మీద నుంచి బావగారు మొత్తం చెప్పించుకుని విన్నారు. మా సీనియర్ ఫోన్‌లో విని, "చేపలు తిన్నాయా లేదా అది చెప్పు," అన్నాడు. షాపు మనిషి అంటే ఆయనే.

చేపలకి మేత లేదు. మర్నాడే మళ్లీ గుండె, రొయ్యలు తెచ్చి రుబ్బాను. వంటక్క పక్కనే నిలబడి ఈసారి ప్రతి మాత్రా చూసింది. బాగా నల్లబడిన చేప ఒకటి దక్కలేదు. మిగతా ఐదూ మెల్లగా తిండిలో పడ్డాయి, నోట పెట్టుకుని ఉమ్మి, మళ్లీ నోట పెట్టుకుని.

డబ్బాలో సర్ది మూత పెట్టాక పెన్ను తీశాను. 'ఔషధం' అని రాద్దామా అన్నాను.

"అదేటో నాకు తెల్దు. ఇలాగియ్యి," అని పెన్ను లాక్కుని, ఆవిడ కిటికీ దగ్గర కూర్చుని మూతలు రెండూ ఒళ్లో పెట్టుకుంది. ఒక్క అక్షరం రాయలేదు. ఒక మూత మీద గుండ్రటి చేప బొమ్మ గీసింది. రెండో మూత మీద చేప, దాని పక్కన నడుం వంచి వాంతి చేసుకుంటున్న మనిషి.

ఎవరైనా పోల్చుకోలేరేమోనని ఆ మనిషికి కళ్లద్దాలు కూడా పెట్టింది.